చప్పుడు చేయని పెట్టె

పెంచలప్రసాద్ కారు ఖాదర్ బాషా ఇంటి ముందు ఆగింది, డిక్కీలో దుప్పటి చుట్టిన కంప్యూటర్ ఒకటి ఉంది. పోయిన వారం అక్కడిదాకా వచ్చాం. పత్రికను కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఇర్ఫానా, ఆమె భర్త అన్వర్ కావలి ట్రంకు రోడ్డులో కంప్యూటర్ల షాపు నడిపేవాళ్ళు. షాపుకు నోరు అన్వర్‌ది, చేతులు ఇర్ఫానావి. సముద్రం పక్కన ఉప్పుగాలికి తుప్పు పట్టి చచ్చే మిషన్లను వీళ్ళు ఏళ్ళ తరబడి బతికించేవాళ్ళు. వేడెక్కకూడదు, మొరాయించకూడదు, పక్కన పసిబిడ్డ పడుకున్నా ఉలిక్కిపడకూడదు, అలాంటి కంప్యూటర్ కావాలంటే ఆ చుట్టుపక్కల వీళ్ళ పేరే చెప్పేవాళ్ళు. ఎండలు ముదిరే రోజుల్లో అన్వర్ కృష్ణపట్నంలో ఒక ఆఫీసుకు మిషన్లు దించి వస్తూ హైవే మీద లారీ కింద పడ్డాడు. అప్పటి నుంచి ఇర్ఫానా ఇద్దత్‌లో ఉంది. అంటే, భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. కడుపులు ఇద్దత్ పాటించవు కాబట్టి సామాన్లు ఇంటికే వస్తున్నాయి. వెనక గదిలో కూర్చుని ఆమె బిగిస్తుంది, మామ ఖాదర్ బాషా షాపులో కూర్చుని అమ్ముతాడు. అలా బిగించిన వాటిలో ఒకటి తుమ్మలపెంట అవతల పెంచలప్రసాద్ రొయ్యల హేచరీకి వెళ్ళింది. మొన్న తెల్లవారేసరికి ఆ హేచరీ తొట్లలో రొయ్యపిల్లలన్నీ చచ్చి తేలాయి. కాపలా మనిషి హజరత్తయ్యను పోలీసులు తీసుకుపోయారు.

ఇక ఇప్పుడు.

పెంచలప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. ఖాదర్ బాషా ఎదురుగా కూర్చోకుండా నిలబడ్డాడు. హాలుకూ వెనక గదికీ మధ్య పూల పరదా దించి ఉంది. పరదా వెనక, గదిలో ముక్కాలిపీట మీద ఇర్ఫానా, పక్కనే నేల మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్త షంషున్నీసా.

అన్వర్ పోయిన రోజు నుంచి ఇర్ఫానా ఏడవలేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, అందరికీ దాని మీద ఒక అభిప్రాయం కూడా ఉంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, బతికి ఉండగా అన్వర్‌ను వాగుడుకాయ అన్నవాళ్ళే ఇప్పుడు ఆ నోట్లోంచి ముత్యాలు రాలేవంటున్నారు. పెళ్ళాన్ని మాత్రం రాయి అంటున్నారు. ఆ మాట ఇర్ఫానా చెవిదాకా వచ్చింది. బాధ కలగలేదు. నిజమేనేమో అనుకుంది. పన్ను పీకే ముందు సూది వేసిన చిగురులా ఉంది ఆమెకు, వేలితో నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. అన్నం పెడితే తింటోంది. పిలిస్తే పలుకుతోంది. స్క్రూలు బిగిస్తోంది.

"బాషా గారూ, నేను పోట్లాటకు రాలా," అన్నాడు పెంచలప్రసాద్. "ఒక్క మాట కావాల, అంతే. ఆ పొద్దున నేను పొయ్యి బటన్ నొక్కితే మిషను టక్కున లేచింది. పాడైన మిషను అట్ట లేస్తాదా? ఎవరో ఆపబట్టే ఆగింది. ఆ గదిలో పడుకునేది హజరత్తయ్య ఒక్కడే."

ఆ కంప్యూటర్ పని పెద్దదేమీ కాదు. తొట్లలోకి గాలి కొట్టే బ్లోయర్ తిరుగుతోందో లేదో చూస్తూ ఉంటుంది. అది ఆగితే రెండో బ్లోయర్‌ను తనే ఆన్ చేస్తుంది, కాపలా మనిషి నెత్తిన గంట మోగిస్తుంది. మొన్న బ్లోయర్ ఆగింది. అంతకు ముందే కంప్యూటర్ ఆగిపోయి ఉంది. గంట మోగలేదు, రెండో బ్లోయర్ తిరగలేదు, గాలి అందక పిల్లలు చచ్చాయి. చిట్టమూరు వైపు రైతులు చెరువులకు నీళ్ళు పెట్టుకుని ఆ పిల్లల కోసమే కాచుకుని ఉన్నారు. వాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పలేక పెంచలప్రసాద్ నిద్ర మాని తిరుగుతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, అంతే.

"వాళ్ళ అల్లుణ్ణి పన్లో పెట్టుకోమని ఆ మధ్య అడిగినాడు. కుదర్దన్నా. ఆ కసి మనసులో పెట్టుకున్నాడు. ఎస్సై ఏమంటన్నాడంటే, బిగించినోళ్ళు మిషను మంచిదే, దానంతట అది ఆగదని చెప్తే చాలు, కేసు నిలబడతాది అంటన్నాడు."

"ఆగదు సార్," అన్నాడు ఖాదర్ బాషా, ప్రశ్న పూర్తి కాకముందే. "మా మిషను దానంతట అది ఆగేదే లేదు."

పరదా వెనక నుంచి ఇర్ఫానా గొంతు వచ్చింది. "చూడకుండా ఎట్ట చెప్తారు మామా? లోపలికి పంపండి, చూస్తాను."

"చూసేదానికి ఏముందమ్మా? లేస్తా ఉంది గదా అంటన్నారు సారు."

"లేచేది ఎందుకు ఆగిందో చూడాల గదా."

ఖాదర్ బాషా బయటికి నడిచాడు. డిక్కీలోంచి మిషనును రెండు చేతులతో ఎత్తుకొచ్చి పరదా సందులోంచి లోపలికి పెట్టి, ఇర్ఫానా ముఖం చూడకుండానే వెనక్కి వెళ్ళాడు.

ఆమె దుప్పటి విప్పింది. నల్లటి పెట్టె ముందు భాగం పచ్చగా ఉంది. వేలితో గీకితే పెళ్ళలా ఊడింది, వాసన చూసింది. పసుపు.

"పూజ చేశారా సార్ దీనికి?"

"చెయ్యకుండా ఎట్టమ్మా? కొత్త మిషను. మా ఆవిడ రేవతి వచ్చి తన చేత్తో పసుపు రాసి బొట్లు పెట్టింది. ముందువైపు నున్నగా ఉండాదని నిండా రాసింది. మళ్ళీ మళ్ళీ ప్రతి శుక్రవారం రాస్తా ఉంది, నాకూ తెల్దు, అక్కడ పనోళ్ళు చెప్పినారు. పాత మిషనుకు దిష్టి తగిలి పోయిందని దాని భయం."

నున్నగా కనిపించేది జాలీ. ఉప్పూ ఇసుకా లోపలికి పోకుండా ఇర్ఫానా వేసిన సన్నటి వల. గాలి లోపలికి వెళ్ళే దారి అదొక్కటే. మిగతా పెట్టెనంతా ఆమె మూసేసింది, ఉప్పుగాలి బోర్డును తినకుండా. లోపల వేగంగా తిరిగి కీచుమనే చిన్న ఫ్యాన్లు తీసేసి, నిదానంగా తిరిగే పెద్ద రెక్కలవి రెండు పెట్టింది. గోడలకు మెత్తటి స్పాంజి అంటించింది. చల్లగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు, ఎన్నేళ్ళైనా నమ్మకంగా పడి ఉండాలి. బేరగాళ్ళతో ఫోన్లో మాట్లాడుతుంటే ఆఫీసు గదిలో పాత మిషను గోల భరించలేకపోతున్నానని పెంచలప్రసాద్ అన్వర్‌ను పిలిచి మరీ అడిగాడు. అన్వర్ మాట ఇచ్చి వచ్చాడు. ఆ వారమే పోయాడు. మాట మిగిలింది, ఇర్ఫానా బిగించింది.

పసుపు వారం వారం మందమై, సముద్రపు చెమ్మకు తడిసి, ఆరి, వల కళ్ళన్నీ పూడిపోయాయి. ఊపిరాడక మిషను వేడెక్కింది. బోర్డు కాలిపోకుండా తనంతట తానే ఆగిపోయింది. చల్లారాక బటన్ నొక్కితే లేచింది, జ్వరం వచ్చి పడ్డ మనిషి చెమట పట్టాక లేచి కూర్చున్నట్టు. ఇందులో మాయా లేదు మంత్రమూ లేదు. ఎవరి చెయ్యీ పడలేదు.

కానీ ఆగే ముందు అది కూత పెట్టాలి. వేడి హద్దు దాటితే బీప్ బీప్ మని అరవడానికి ప్రతి మిషనులో బొటనవేలి గోరంత స్పీకరు ఒకటి ఇర్ఫానా పెడుతుంది. ఎంత చప్పుడు లేని మిషనైనా ఆ గొంతు మాత్రం తీయదు. నోరు లేని పశువుకైనా నొప్పి పుడితే అరవనివ్వాలి అనేవాడు అన్వర్. ఆమె పక్క రేకు విప్పి లోపలికి చూసింది. స్పీకరు ఉండాల్సిన చోటే ఉంది. దాని తీగ బోర్డుకు తగిలించి లేదు. శుభ్రంగా మడిచి, తీగలు కట్టే ప్లాస్టిక్ టైతో కట్టి, పక్కకు పెట్టి ఉంది.

టై చివర కత్తిరించి లేదు, కాల్చి ఉండ చేసి ఉంది.

కావలిలో అలా చేసేది ఒక్కతే. కత్తిరించిన టై చివర్లు మిషను లోపల చెయ్యి పెడితే అన్వర్ వేళ్ళకు గీరుకునేవి. పెళ్ళైన కొత్తల్లో అగ్గిపుల్లతో కాల్చి నున్నగా చేయడం మొదలుపెట్టింది. అది అలవాటైపోయింది.

అంటే తీగ పీకింది తనే. ఎప్పుడు పీకిందో గుర్తులేదు. ఈ మిషను బిగించినట్టే గుర్తులేదు. ఆ రోజుల్లో ఆమెకు చప్పుడు పడేది కాదు. కుక్కర్ కూస్తే లేచి పెరట్లోకి వెళ్ళేది. అన్వర్ సంగతి ఫోన్ మోగే కదా చెప్పింది! కొత్త మిషను మొదటిసారి లేచేటప్పుడు ఒక్క కూత పెడుతుంది. ఆ ఒక్క కూత వినలేక తీగ పీకి ఉంటుంది. పీకి, తిరిగి పెట్టడం మరిచిపోయి ఉంటుంది. మరిచిపోయినదానికి అంత ముద్దుగా టై ఎందుకు కట్టింది? ఎవరో తెలియని ఆడమనిషి చేసిన పనిని చూస్తున్నట్టు ఆ ఉండ వైపు చూస్తూ కూర్చుంది.

అవతల పెంచలప్రసాద్ గొంతు పెద్దదైంది.

"వాడు ఏమంటన్నాడో తెలుసా బాషా గారూ? నాకు శబ్దం ఆగితే మెలకువ వస్తాది సార్, ఈ మిషనుకు శబ్దమే లేదు, ఇంక ఆగింది నాకెట్ట తెలిసేది అంటాడు! స్టేషన్లో అందరూ నవ్వినారు. తాగినోడి మాట గాకపోతే ఏంది ఇది?"

ఇర్ఫానా నవ్వలేదు. పాత మిషను రైసుమిల్లులా రొద పెట్టేది. హజరత్తయ్య ఏళ్ళ తరబడి దాని పక్కనే మంచం వేసుకుని ఆ రొదలోనే నిద్రపోయాడు. కరెంటు పోయి రొద ఆగితే, ఊగే ఉయ్యాల ఆగినప్పుడు బిడ్డ లేచినట్టు లేచేవాడు. టార్చి తీసుకుని తొట్ల దగ్గరికి వెళ్ళేవాడు. గంట అక్కర్లేకుండానే హేచరీ అలా గడిచింది. ఆ గదిలో మనిషి పడుకుంటాడా అని తను అడగలేదు. అన్వర్ ఉంటే చెప్పేవాడు. ఆ మిషను రిపేరుకు వెళ్ళినప్పుడల్లా హజరత్తయ్య క్యారియర్‌లో చేపల పులుసు తిని వచ్చేవాడు కదా.

పరదా తొలగించుకుని ఖాదర్ బాషా లోపలికి వచ్చాడు. రేడియోలు బాగుచేసి కొడుకును పెంచిన మనిషి. విప్పిన పెట్టె చూశాడు, మడిచిన తీగ చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"చూసినావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చూసినా మామా. కూత తీసేసింది నేనే."

"గమ్మునుండు. మిషను బాగుందని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"హజరత్తయ్య?"

"ఆయన సంగతి నీకెందుకమ్మా? ఆయనకేం కాదు."

"జైల్లో వేస్తారంట మామా. మీ అబ్బాయి పోయిన రోజు జనాజా మోసేదానికి భుజం పట్టినాడు ఆయన."

"తెలుసు. నా ముందరే గదా పట్టింది." ఖాదర్ బాషా విప్పిన రేకును చేతిలోకి తీసుకున్నాడు. "షాపు బోర్డు మీద వాడి పేరుంది. నా కొడుకుది నాకు మిగిలింది ఆ పేరొక్కటే. అన్వర్ మిషను మనుషుల్ని ముంచింది అని ఈ ఊరు అనకూడదు. నన్ను అది విననియ్యబాక తల్లీ."

మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇర్ఫానా ఆ నీళ్ళను చూసింది. తనకు కూడా ఏదో అవ్వాలని ఎదురుచూసింది, కాలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు గానీ, మధ్యలో నిలబడి ఆ మాట చెప్పాల్సిన మనిషి మనసులో ఏముంటుందో ఎవరూ చెప్పరు. ఇర్ఫానా మనసులో ఏమీ లేదు. అందుకే నిజం చెప్పడం ఆమెకు సులువైంది. భయం ఉన్నవాళ్ళకు కదా కష్టం.

లేచింది. పైట తల మీదుగా ముఖం దాకా లాక్కుని పరదా పక్కకు జరిపి హాల్లోకి వెళ్ళింది.

"ఇర్ఫానా!" అంది షంషున్నీసా. ఒళ్ళోని చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి.

పెంచలప్రసాద్ గబాలున లేచి గోడ వైపు తిరిగాడు. ముస్లింల ఇళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడు, ఇద్దత్ అంటే ఏమిటో తెలుసు. గోడకు వేలాడే క్యాలెండర్‌ను చూస్తూ నిలబడ్డాడు.

"మిషను దానంతట అదే ఆగింది సార్," అంది ఇర్ఫానా ఆ వీపుతో. "హజరత్తయ్య చెయ్యి పడలా. గాలి పొయ్యే జాలీ పసుపుతో పూడిపోయింది. వేడెక్కి ఆగింది. ఆగే ముందర అరవాల్సింది. అరిచే తీగ నేను పీకేసినాను."

పెంచలప్రసాద్ క్యాలెండర్ మడతపడ్డ అంచును సరిచేశాడు.

"పసుపు మీకు తెలవక రాసినారు. ముందువైపు రాయబాకండి అని మేము చెప్పుండాల, చెప్పలా. ఆయనైతే చెప్పేవాడు. తీగ మాత్రం నా చేతులు చేసిన పని. హజరత్తయ్య చెప్పింది తాగినోడి మాట కాదు సార్. ఆ రొద ఆగితేనే ఆయన లేచేది. ఆ రొద నేను లేకుండా చేసినాను."

"నా పిల్లలన్నీ పొయ్యినాయి తల్లీ," అన్నాడు పెంచలప్రసాద్ గోడతోనే. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. "ఇంత నిదానంగా చెప్తన్నావే. నీకేం అనిపించడం లేదా?"

"లేదు సార్," అంది ఇర్ఫానా.

పెంచలప్రసాద్ అరచేత్తో గడ్డం రుద్దుకున్నాడు. "కంప్లెయింట్ ఇచ్చింది నేను. నేను పొయ్యి వాడు కాదంట అంటే, వెనక ఎవరో బతిమాలినారు అంటారు. బిగించిన మనిషి రావాల. ఎస్సై ముందర నిలబడి ఇప్పుడు నాకు చెప్పింది చెప్పాల. వస్తావా?"

"ఇద్దత్‌లో ఉండాది సార్!" ఖాదర్ బాషా ముందుకు వచ్చాడు. "గడప దాటకూడదు. మీకు తెలవంది కాదు. ఎట్ట వస్తాది?"

షంషున్నీసా పరదా పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దత్ మొదలైనప్పటి నుంచి కోడలి మీద ఈగ వాలకుండా చూసుకున్నది ఆవిడే. కిటికీ దగ్గర నిలబడితే కూడా లోపలికి రమ్మనేది.

పెంచలప్రసాద్ ఫోన్ మోగింది. హేచరీ మేనేజర్ టైటస్. పొద్దున స్టేషన్‌కు వెళ్ళినవాడు. పెంచలప్రసాద్ చెవి దగ్గర పెట్టుకుని ఊఁ అన్నాడు, మళ్ళీ ఊఁ అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఒప్పేసుకున్నాడంట," అన్నాడు.

"ఎవరు సార్?"

"హజరత్తయ్య. తాగినా, కసితో నేనే స్విచ్ ఆపినా అన్నాడంట."

"అల్లా దయ," అన్నాడు ఖాదర్ బాషా. అప్పటిదాకా నిలబడే ఉన్నవాడు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

ఇర్ఫానాకు ఒక్క క్షణం తన చెవుల మీదే అనుమానం వచ్చింది. చేయని పని ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు? మిషనుకు రొద లేదని నిన్న అందరూ నవ్వుతున్నా చెప్పిన మనిషి!

"నిన్న పొద్దుపోయేదాకా నేను కాదు నేను కాదు అని మొత్తుకున్నోడు," అన్నాడు పెంచలప్రసాద్. ఈసారి మర్యాద సంగతి మరిచిపోయి గోడ నుంచి ఇటు తిరిగాడు. ఇర్ఫానాను కాదు, కుర్చీలో కూర్చున్న పెద్దాయనను చూశాడు. "పొద్దున ఒకాయన వచ్చి వాడితో మాట్లాడి పోయినాకే మాట మార్చినాడంట. టైటస్ చూసినాడు. మీరేనంట గదా బాషా గారూ. ఏం చెప్పినారు వాడికి?"

ఖాదర్ బాషా తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నేనేం అడగలా," అన్నాడు చివరికి. "బిగించిన రోజే ఆ తీగ చూసినా. చెప్తే పిల్ల ఇంకా కుంగిపోతాదని ఊరుకున్నా. అదే ఆయనకు చెప్పినా. వినినాడు. అన్వర్ బాబు పేరు పోనియ్యను సాయిబూ, మీరు ఇంటికి పొండి అన్నాడు. నేను వచ్చేసినా."

ఇర్ఫానాకు కోపం వచ్చింది.

కోపమని గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సేపు పట్టింది. అరికాళ్ళ నుంచి మొదలై గొంతుదాకా వచ్చింది. మామ మీద కోపం. తీగ చూసి కూడా చెప్పని ఆ దయ మీద కోపం. అడక్కముందే తల వంచిన హజరత్తయ్య మంచితనం మీద కోపం. లారీ కింద పడి, వీళ్ళందరినీ తన పేరుకు కాపలా పెట్టి పోయిన అన్వర్ మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. ఇన్నాళ్ళకు ఆమెకు నొప్పి తెలిసింది.

"అత్తా," అంది. "నా చెప్పులు యాడ పెట్టినావు?"

ఖాదర్ బాషా తల ఎత్తాడు. "వద్దు తల్లీ. ఆయనే ఒప్పుకున్నాక నువ్వు పొయ్యి చేసేదేముంది? ఊరు ఏమంటాది?"

"చెప్పులు అత్తా."

షంషున్నీసా మొగుడి ముఖం చూసింది. కోడలి ముఖం చూసింది. మాట్లాడకుండా ఇద్దరి మధ్యలోంచి నడిచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. తీయడానికో, వేయడానికో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.